దిక్కులేనోళ్ల తిన్నె

మా తాత దుర్గప్ప నిజం చెప్పగా విన్నవాళ్లు మా ఊళ్లో చాలా తక్కువ. అట్లాగని అబద్ధం చెప్పి బాగుపడ్డ మనిషి కూడా కాదు. ఊరికే చెప్పేవాడు. ఎండ ఎంత కాసిందంటే ఏటిలో చేప ఉడికి పైకి తేలింది, ఉప్పు లేక వదిలేశాను అనేవాడు. నైజాం పోలీసు ఒకడు తన పుట్టి ఎక్కి, నడుమ ఏటికి వచ్చేసరికి భయపడి ఏడిస్తే తానే జోకొట్టి గట్టుకు దింపానని చెప్పేవాడు. పుట్టి అంటే వెదురుతో గుండ్రంగా అల్లి, తోలు కప్పిన తెప్ప. ఏరు దాటించడం తాత పని. తెడ్డు వేయడం రానివాడు పుట్టి ఎక్కితే అది ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. తాత నోరు కూడా అట్లాంటిదేననీ, తిరగడమే గానీ గట్టు చేరదనీ మా అవ్వ దేవక్క అనేది.

ఆయన చెప్పినవాటిలో జనం మనసారా నమ్మినవి రెండే. ఆ రెండూ కలిసి ఆయన బతుకును తినేశాయి. ఈ కథ చాలావరకు అవ్వ నోటి నుంచి వచ్చింది. అవ్వ చెబితే సగం కథ, సగం తాతకు తిట్లు. తిట్లు ఏరేసి మిగిలింది రాస్తున్నాను. అన్నీ ఏరలేదు, కొన్ని బాగుంటాయి.

నందవరం దాటి ఉత్తరంగా పోతే, నల్లరేగడి చేలు అయిపోయిన చోట తుంగభద్ర అడ్డం వస్తుంది. ఆ గట్టు మీదే మా ఊరు. అవతలి గట్టు నైజాం సీమ. వానకాలపు వరద దిగుతూనే ఏటి నడుమ ఒక ఇసుక తిన్నె వీపు పైకెత్తేది. అది ఇటు తెల్లదొరలదీ కాదు, అటు నవాబుదీ కాదు. శిస్తు వచ్చే నేల కాదు గనక తమదని ఎవరూ అనలేదు. అట్లా ఎవరికీ కాని చోటికి ఏటా పిట్టలు దిగేవి.

పెద్దల అమావాస్య దగ్గర పడుతుండగా ఉత్తరం నుంచి వచ్చేవి. చాలావరకు పిడికెడంత పిట్టలు. వీపు ఇసుక రంగు, పొట్ట తెలుపు, ఒంటికి మించిన ముక్కు, పుల్లల్లాంటి కాళ్లు. నీళ్ల అంచున పరుగెత్తి, ఆగి, తడి ఇసుకలో ముక్కు గుచ్చి, మళ్లీ పరుగెత్తేవి. మా ఊళ్లో ఇసుక పిట్టలనేవాళ్లు. ఉల్లంకి పిట్టలని ఇంకో పేరుందట. నా చదువు మూడో తరగతిలోనే మేకల వెంట అడవికి పోయింది కాబట్టి నాకు ఆ పేరు ఆలస్యంగా తెలిసింది. చలికాలమంతా ఉండి, ఎండలు ముదిరేలోపల ఒక పొద్దున చూస్తే ఉండేవి కావు.

తాతకు వాటితో మొదట ఉన్నది అవసరమే. పిట్టలు నిలబడిన చోట నీళ్లు లోతు ఉండవు, అటు పోతే పుట్టి అడుగు ఇసుకకు తగులుతుంది. అందుకని వాటిని చూసుకుంటూ తెడ్డు వేసేవాడు. ఒక ఏడు, అప్పటికి మా నాయన ఇంకా పాకుతున్నాడట, కొత్తగా దిగిన పిట్ట ఒకటి తాత కాళ్ల దగ్గరే కూలబడింది. పట్టుకుంటే ఎగరలేదు. రొమ్మెముక కత్తి అంచులాగా వేలికి తగిలింది. ఎంత దూరం నుంచి వచ్చిందో గానీ, దోవలో తన కండను తానే తింటూ వచ్చింది. తాత దాన్ని తలగుడ్డలో పెట్టి, తడి ఇసుక మీద నీడ చేసి, దూరంగా పోయి కూర్చున్నాడు. సాయంత్రానికి అది లేచి నాలుగడుగులు వేసి మేత మొదలుపెట్టింది. ఆనాటి నుంచి తాత ఒక మాట అనేవాడు. ఎదురు నీళ్లలో పుట్టి లాగితే పొద్దున తిన్న రొట్టె గట్టు చేరేలోపలే అరిగిపోతుంది, వాటిదీ అదే కథ, వాటికి తిండి పెట్టేవాళ్లు అక్కరలేదు, తిన్నది ఒంటబట్టేదాకా లేపనివాళ్లు కావాలి అని. ఈ ఒక్క మాటా నిజం. అందుకనే ఎవరూ పట్టించుకోలేదు.

ఊళ్లో వీరన్న అని చేపలు పట్టే ఆయన ఉండేవాడు. చేప దొరకని రోజుల్లో తిన్నె మీద వల పరిచి ఇసుక పిట్టలను పట్టి, కాళ్లు కట్టి నందవరం సంతకు మోసేవాడు. ఆయనను చూసి కుర్రవాళ్లు ఒడిసెలలు తీసుకొని తయారయ్యారు. తాత బతిమాలాడు, పోట్లాడాడు. ఏరు నీ అబ్బ సొమ్మా అని వీరన్న అడిగాడు.

ముప్ఫైల మొదట్లో ఒక ఏడు, పెద్దల అమావాస్యకు ముందు, వీరన్న కొత్త వల తెచ్చి తాత పుట్టిలోనే వేసుకున్నాడు. నడుమ ఏటికి వచ్చాక తాత తెడ్డు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. పుట్టి మెల్లగా తిరగసాగింది.

“వీరన్నా, మీ నాయన పోయింది యా నెలలో?” అన్నాడు.

“భాద్రపదంలో. ఎందుకు?”

“ఊరికే. ఆ కడాకు నిలబడిండే పిట్ట నిన్నట్నుంచి నా పుట్టి తట్టే సూస్తాండాది. నీ మాదిరే మెడ గోక్కుంటాది.”

వీరన్న నవ్వాడు. తాత నవ్వలేదు. “పెద్దల అమాసకు దిగుతారు. యాడ్నించి వస్తారో తెల్దు. సెప్పకుండా వస్తారు, సెప్పకుండా పోతారు. ఎవురనుకున్నావు వీళ్లను?”

పిట్టలు అనడం మానేసి వీళ్లు అనడంలోనే ఉంది తాత పనితనం. వీరన్న చాలాసేపు ఆ కొసన ఉన్న పిట్టను చూశాడు. తరువాత వల మడిచి కాళ్ల కింద పెట్టుకొని, పుట్టిని వెనక్కి తిప్పమన్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి గొప్పగా చెబితే అవ్వ ఒక్కటే అడిగింది. యముడు ఉండేది దక్షిణాన కదా, నీ పెద్దలు ఉత్తరాన్నించి ఎట్లా వస్తారు అని. నడుమ ఏరు అడ్డముంది గనక చుట్టుతిరిగి వస్తారని తాత అన్నాడు. అవ్వకు తప్ప ఇంకెవరికీ ఆ అనుమానం రాలేదు.

మరుసటి రోజు వీరన్న వల లేకుండా వచ్చాడు. చేతిలో అన్నం ముద్ద ఉంది.

ఆ మాట నందవరం సంతలో పుట్టి, ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర అంచు వేయించుకొని, ఆదోని పత్తి మండీ చేరేసరికి జరీ కూడా నేయించుకుంది. తుంగభద్ర నడుమ తిన్నె మీద పెద్దలు పిట్టల రూపంలో దిగుతున్నారు, పెట్టింది కళ్లెదుటే తింటున్నారు అని. మొదటి ఏడు తాత కాలు నేల మీద నిలవలేదు. ఒడిసెల పట్టుకున్న పిల్లలను వాళ్ల తల్లులే చావబాదారు. జేజినాయన కన్ను పోగొడతావేమిరా అని ఒకావిడ కొడుకును గట్టు పొడవునా తరిమింది. తిన్నె మీద వల లేదు, రాయి లేదు. పిట్టలు కళ్లు మూసుకొని ఎండ కాచుకున్నాయి. తాత గట్టు మీద కూర్చొని తన అబద్ధాన్ని చూసుకుంటూ చుట్ట కాల్చాడు.

తరువాతి ఏడు నుంచి మొదలైంది అసలు బాధ. పెద్దల అమావాస్యకు మాత్రమే వచ్చినవాళ్లు ప్రతి అమావాస్యకూ రావడం మొదలుపెట్టారు. నీళ్లు తగ్గాక నడిచే వచ్చేవాళ్లు. కొర్రన్నం, వడలు, బెల్లం పాయసం ఇసుక నిండా పెట్టేవాళ్లు. ఇసుక పిట్ట అన్నం ముట్టదు, దానికి కావలసింది తడి ఇసుకలోని పురుగు. అన్నానికి కాకులు వచ్చాయి. కాకుల వెనక గద్దలు, వాటితో పాటు ఊరికుక్కలు. తమ పెద్దాయన ఎవరో గుర్తుపడదామని ప్రతివాడూ ఇంకొంచెం దగ్గరికి జరిగేవాడు. గుంపంతా ఒక్కసారిగా లేచి, ఏటి మీద ఒక చుట్టు తిరిగి, తిన్నె ఆ కొసన వాలేది. జనం ఆ కొసకు పోయేవాళ్లు. మళ్లీ లేచేది. ఎగిరిన ప్రతిసారీ పెద్దలు దీవిస్తున్నారని ఆడవాళ్లు చెంగు పట్టేవాళ్లు. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఇదే పని.

నీళ్లున్నన్నాళ్లూ వీళ్లందరినీ దాటించేది మా తాతే. ఆ చలికాలాలు మా ఇంట్లో వరి అన్నం ఉడికింది. ఇంటికి కొత్త కప్పు పడింది. ఆయన నోట్లోంచి వచ్చి మాకు కూడు పెట్టిన అబద్ధం అదొక్కటే. అందుకనే అవ్వ, పిట్టల గోల పిట్టలు చూసుకుంటాయి, నువ్వు నోరు మూసుకొని తెడ్డు వెయ్యి అని చెప్పి చూసింది.

ఆదోని నుంచి అలివేలమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. మండీలో పత్తి వ్యాపారం చేసే రామకృష్ణయ్య శెట్టి తల్లి. పిట్ట మాదిరే మనిషి, చిన్న ముఖం, తెల్ల చీర. ఆమె భర్తకు పుట్టుకతోనే కుడికాలు కుంటి. కర్ర పట్టుకొని మండీ అంతా తిరిగేవాడట. వ్యాపారం మీద బొంబాయి పోయి, అక్కడే జ్వరం తగిలి పోయాడు. తంతి వచ్చేసరికి అక్కడ ఎవరో దహనం కూడా చేసేశారు. కొడుకు కర్మకాండ అంతా లోటు లేకుండా చేశాడు. కానీ ఆమె చివరిసారి భర్త ముఖం చూడలేదు. చూడని చావు మీద ఆమెకు నమ్మకం కుదరలేదు.

పుట్టి దిగి, తడి ఇసుకలో నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. తాత చేయి పట్టుకుంది.

“దుర్గప్పా, ఆడ సూడప్పా. కుడికాలు ఎత్తుకొని నిలబడినాడు.”

చలిగాలిలో ఇసుక పిట్టలు ఒంటికాలి మీదే నిద్రపోతాయి. ఇంకో కాలు పొట్ట ఈకల్లో దాచుకుంటాయి. ఆ పొద్దు తిన్నె మీద ఉన్నవాటిలో చాలా భాగం ఒంటికాలి మీదే ఉన్నాయి. ఆమెకు కనబడింది ఒక్కటే. అది కుక్క అలికిడికి కళ్లు తెరిచి, దాచిన కాలు దించే ఓపిక లేక ఉన్న కాలితోనే కుంటుకుంటూ నాలుగు గెంతులు గెంతింది. అలివేలమ్మ చిన్నపిల్లలాగా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆమె నవ్వగా చూసి ఎన్నాళ్లయిందోనని కొడుకు రామకృష్ణయ్య తాతకు దండం పెట్టాడు.

అది నిద్రపోతున్న పిట్ట అని తాత ఆ క్షణాన చెప్పి ఉండవచ్చు. గొంతు దాకా వచ్చిందట. అన్ని అబద్ధాలు అలవోకగా చెప్పిన నోరు అప్పుడు నిజం దగ్గర మొరాయించింది.

కుంటి శెట్టి తిరిగి వచ్చాడని మండీ అంతా తెలిసింది. ఇంక ప్రతివాడికీ ఒక గుర్తు కావలసి వచ్చింది. మెల్లకన్ను అత్తను వెతికేవాళ్లు, వంకర మెడ మామను వెతికేవాళ్లు. అలివేలమ్మ మాత్రం ఒకచోట కదలకుండా కూర్చొని చూసి పోయేది. అవ్వ కూడా ఆమెను ఒక్క మాట అనదు. ఆమె వెంట వచ్చిన బళ్లే తిన్నెను తొక్కేశాయి.

ఆ ఫాల్గుణంలో, పిట్టలు పోవలసిన కాలానికి, తాతకు నీళ్ల అంచున చచ్చిన పిట్ట దొరికింది. మామూలుగా పోయే ముందు అవి ఉండల్లాగా బలిసి ఉంటాయి. దీని రొమ్మెముక వేలికి కత్తిలాగా తగిలింది. తలగుడ్డలో పెట్టిన పిట్ట ఎట్లా వచ్చిందో, ఇది అట్లాగే చచ్చింది, ఎగిరి పోయే బలం కూడా లేకుండా. వెతికితే ఇంకా కొన్ని కనబడ్డాయి. మిగిలినవి ఆ చిక్కిన ఒళ్లతోనే ఎగిరిపోయాయి. ఎంత దూరం పోగలిగాయో తెలియదు. ఆ రోజు తాత అన్నం తినలేదు. ఇది మాత్రం అవ్వ తిట్టకుండా చెప్పింది.

చచ్చిన పిట్టను తలగుడ్డలో చుట్టుకొని నందవరం సంతకు పోయాడు. బండ్ల నడుమ నిలబడి, నేను చెప్పింది అబద్ధం, ఇవి ఉత్త పిట్టలు, మనం లేపి లేపి చంపుతున్నాం అని అందరికీ వినబడేట్టు చెప్పాడు. వీరన్న ముందుకొచ్చి జాలిగా భుజం మీద చేయి వేశాడు.

“పుట్టినాక ఒకే ఒక నిజం సెప్పినావు దుర్గప్పా. దాన్ని గూడా అబద్ధమంటాండావా?” అన్నాడు.

జనం ఆ పిట్టను తాత చేతిలోంచి తీసుకొని, పసుపు రాసి, ఏటి గట్టున పూడ్చి నీళ్లు వదిలారు. పెద్దలు చిక్కిపోయారంటే మనం పెట్టింది చాలలేదని తీర్మానం చేసుకున్నారు. పై ఏడు ఇంకా ఎక్కువ పెట్టాలన్నారు.

ఆ వేసవంతా తాత మాట్లాడలేదు. నోరు మూసుకోమని అన్నందుకు అవ్వ అప్పుడు బాధపడింది. మాట్లాడని దుర్గప్ప ఇంట్లో ఉంటే ఎవరో పరాయి మనిషి వచ్చి కూర్చున్నట్టు ఉండేదట.

మళ్లీ పెద్దల అమావాస్య వచ్చింది. పిట్టలు తక్కువగా దిగాయి. గట్టు మీద జనం మాత్రం ఎన్నడూ లేనంత. ఆదోని బళ్లు, ఎమ్మిగనూరు బళ్లు, గిన్నెలు, తప్పెట్లు. తాత తొలి పుట్టిలో అలివేలమ్మను, రామకృష్ణయ్యను, వీరన్నను, ఇంకొందరిని ఎక్కించుకున్నాడు. తిన్నె తగిలాక తాను ముందు దిగి, గడ అడ్డంగా పట్టుకొని నిలబడ్డాడు.

“దిగొద్దండి. నేను పొరబడినాను,” అన్నాడు. “వీళ్లు మన పెద్దోళ్లు కారు. మన పెద్దోళ్లకు ఇల్లుండాది, వాకిలుండాది. వస్తే ఇంటికే వస్తారు. ఏటి నడుమ ఇసుకలో దిగే కర్మ వాళ్లకేమి? పెద్ద జరంలో పోతే మోసే దిక్కు లేక ఏట్లో ఏసినాము గదా, వాళ్లే వీళ్లు. కరువులో దోవమ్మట కూలిపోయినోళ్లు. దిక్కులేనోళ్లు. మనమే పిలిసి పిలిసి కూడు పెట్టినాము. కూడు పెట్టినోళ్ల ఎంట వాళ్లు ఇంటికొస్తారు.”

మొదటి యుద్ధం చివర వచ్చిన ఆ పెద్ద జ్వరంలో ఊళ్లలో శవాలను మోసేవాళ్లు కరువైన మాట అందరికీ తెలుసు. ఎవరి ఇంట్లో ఎవరిని ఏట్లో వదిలారో కూడా తెలుసు, ఎవరూ పైకి అనరు. తాత ఆ అనని మాట మీద చేయి పెట్టాడు. ఒకాయన పోయిన ఏడు చచ్చిన ఎద్దును తలచుకున్నాడు. ఒకావిడ కోడలికి నిలవని కాన్పులను తలచుకుంది. నిరుడంతా పెద్దల దీవెన అనుకున్నవాళ్లు ఇప్పుడు తమ కష్టాలన్నీ వరసబెట్టి చూసుకుంటే ప్రతిదానికీ కారణం కనబడింది. అందరికంటే ముందు వీరన్న వంగి ఏటి నీళ్లలో చేతులు కడుక్కున్నాడు.

అలివేలమ్మ ఒక్కతే తాతను చూస్తూ ఉంది.

“అయితే ఆ కుంటాయన?” అని అడిగింది.

తాత గడ వైపు చూస్తూ చెప్పాడు. “ఎవురో తల్లీ. దిక్కులేనాయన.”

“మా ఆయప్ప గూడా యాడో బొంబాయిలో దిక్కులేకుండానే పోయినాడు గదప్పా. ఆయన నోట్లో ఎవురు నీళ్లు పోసినారో నేను సూడలేదు. దిక్కులేనోళ్లయితే ఇంకా పెట్టల్ల గదా,” అంది. గిన్నె పట్టుకొని లేవబోయింది.

తాత చెప్పిన అబద్ధానికి భయపడనిది ఆమె ఒక్కతే. రామకృష్ణయ్య తల్లి చేయి పట్టుకొని కూర్చోబెట్టాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారని మెల్లగా చెప్పాడు. ఆ మాటకు ఆమె కూర్చుంది. పుట్టి వెనక్కి తిరిగింది. తిన్నె కనుమరుగయ్యేదాకా ఆమె మెడ తిప్పి చూస్తూనే ఉంది. పుట్టినప్పటి నుంచి తెడ్డు పట్టిన మా తాత ఆ రోజు తెడ్డు తప్పాడు. పుట్టి నడుమ ఏట్లో ఒక చుట్టు తిరిగిందట.

ఆ సాయంత్రానికి గట్టు ఖాళీ. ఆ అమావాస్య నుంచి దానికి దిక్కులేనోళ్ల తిన్నె అని పేరు పడింది. మేకలు దారి తప్పి అటు పోయినా ఎవరూ వెంట పోలేదు. అన్నం లేక కాకులు పోయాయి, కుక్కలు పోయాయి. పిట్టలు మిగిలాయి.

మా ఇల్లు కూడా ఒంటరిగా మిగిలింది, తిన్నె మాదిరే. అందరికంటే ఎక్కువసార్లు అక్కడికి పోయి వచ్చింది దుర్గప్ప, మరి వాళ్లు ముందు ఎవరి వెంట వచ్చి ఉంటారు? ఇది ఆయన చెప్పినదాని నుంచే జనం తీసిన లెక్క. తాత పుట్టి ఎక్కడానికి భయపడి జనం దిగువ రేవుకు నడిచి పోవడం మొదలుపెట్టారు. పెళ్లికి పిలిచినా మా విస్తరి పందిరి బయట పడేది. అవ్వతో కలిసి నీళ్లకు పోయేవాళ్లు వేరే వేళ చూసుకున్నారు. పుట్టిని బోర్లిస్తే దాని కింద కోళ్లు గుడ్లు పెట్టాయి. మా నాయన ఆదోని పోయి జిన్నింగు మిల్లులో చేరాడు. పిట్టల కోసం సంసారాన్ని ఏట్లో కలిపినావని అవ్వ అంటే, అవీ సంసారాలే కదా అన్నాడు తాత. ఆ పూట అవ్వ ఆయనకు రొట్టె వేయలేదు.

అన్నిటికంటే తాతను బాధపెట్టింది ఇంకొకటి. ఆయన కూడా తిన్నె మీదికి పోకూడదు. భయం చెప్పిన మనిషే రోజూ పోయి నవ్వుకుంటూ తిరిగొస్తే, భయం ఎన్నాళ్లు నిలుస్తుంది? మళ్లీ ఎవడో వల తెస్తాడు, లేకపోతే గిన్నె తెస్తాడు. అందుకని గట్టు మీద ఒక రాతి గుండు చూసుకొని అక్కడే కూర్చునేవాడు. అంత దూరం నుంచి పిట్టలు నువ్వుగింజల్లాగా కనబడతాయి. చూపు తగ్గాక అవి కూడా కనబడి ఉండవు. ఈ పొద్దు బలిసినాయి, ఈ పొద్దు మేత బాగుంది అని చెప్పేవాడు. నువ్వుగింజలో బలుపు ఎట్లా కనిపించిందని అవ్వ అడిగేది.

పై ఏడు పెద్దల అమావాస్యకు అలివేలమ్మ ఇంట్లో బండి తోలే బసప్ప వచ్చి, గట్టు కింద నుంచే తాతను కేకేసి ఒక మూట దించాడు. మోదుగాకుల్లో చిత్రాన్నం, వడలు. దిక్కులేనోళ్లకు పెట్టమని ఆదోని సెట్టెమ్మ కొడుకుకు తెలియకుండా పంపిందని చెప్పి, గబగబా బండి తిప్పుకొని పోయాడు.

తాత ఆ మూట ఒళ్లో పెట్టుకొని పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. తిన్నె మీద పెడితే కాకులు వస్తాయి. ఏట్లో వేయడానికి అది ఒక మనిషి మనసారా వండిన అన్నం. ఇంటికి పంపితే ఆమె రహస్యం బయటపడుతుంది. చివరికి అవ్వ వచ్చి ఎదురుగా నిలబడింది.

“సూసేదేముంది, తిను. ఈ ఊర్లో నీకంటే దిక్కులేనోడు ఎవుడుండాడు?” అంది.

తిట్టడానికే అంది. అన్నాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాత మూట విప్పి, సగం అవ్వకు పెట్టి, సగం తిన్నాడు. మరుసటి పొద్దున బసప్ప మళ్లీ గట్టు కిందికి వచ్చి, సెట్టెమ్మకు ఏమి చెప్పమంటావని అడిగితే, చేరిందని చెప్పమన్నాడు. అది అబద్ధం కాదని అవ్వ ఇప్పటికీ వాదిస్తుంది.

ఏటా ఆ మూట వచ్చేది. రెండో యుద్ధం రోజుల్లో, బొగ్గుతో నడిచే బస్సు ఎమ్మిగనూరు మిట్ట దగ్గర జనాన్ని దించి తోయించుకునే కాలంలో, బియ్యం దొరకని ఏడు కూడా వచ్చింది. కొర్రలతో చేసిన చిత్రాన్నం, వడలు మాత్రం చిన్నవి. అప్పటికి నేను పుట్టి, వడలు తినే వయసుకు వచ్చాను. దిక్కులేనోళ్ల వాటాలో పెద్ద వడ నాదే.

యుద్ధం అయిపోయాక ఒక ఏడు బసప్ప ఉత్తచేతులతో వచ్చాడు. ఈసారి గట్టు ఎక్కి, తాత పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆషాఢంలో సెట్టెమ్మ పోయిందని చెప్పాడు. ఇంట్లోనే, అందరూ చుట్టూ ఉండగా, కొడుకు నోట్లో నీళ్లు పోశాడట. బసప్ప పోయాక తాత అవ్వను చిత్రాన్నం చేయమని అడిగాడు. ఏ తిట్టూ లేకుండా అవ్వ చేసింది.

దాన్ని ఆకులో పెట్టుకొని గుండు దగ్గరికి పోతుంటే నేనూ వెంటపడ్డాను. ఆ ఏడు నీళ్లు తొందరగా తగ్గి, తిన్నె ఇవతలి కొస గట్టు దగ్గరికి సాగింది. పిట్టలు ఎన్నడూ లేనంత దగ్గరగా ఉన్నాయి. నాకు వాటి ముక్కులు కూడా కనబడుతున్నాయి. తాత ఆకు పక్కన పెట్టి తినకుండా చూస్తూ కూర్చున్నాడు. గాలికి అవన్నీ ఒకే వైపు తిరిగి, ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి.

కుంటి శెట్టి ఏదని నేను అడిగాను. ఆ కథ అప్పటికే అవ్వ నాకు చెప్పి ఉంది.

“ఆ పేరుగల్లోడు ఎవురూ ల్యాడు పాపా,” అన్నాడు తాత మెల్లగా. “అది పిట్ట. నిద్రపోతాండాది.”

నాకు నవ్వొచ్చింది. తాత మాట నమ్మకూడదని నాకు పాలతో పోశారు. సెట్టెమ్మ కూడా ఇప్పుడు ఆ శెట్టి పక్కనే ఎక్కడో దిగి ఉంటుందనుకొని, లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయాను. ఈ కొసన ఉన్న పిట్ట ఒకటి దాచిన కాలు దించి మెడ చాచింది.

తాత నా చేతులు పట్టుకొని కిందికి దించాడు.

“కుదురుగా కూసో,” అన్నాడు. “లేస్తాయి.”

కూర్చున్నాను. పిట్ట మళ్లీ కాలు పొట్టలోకి తీసుకుంది. చల్లారిన చిత్రాన్నం పొద్దుగూకాక ఇద్దరమూ తిన్నాము.